అదును తెలిసిన సేనాని

సేనానుల కథలు మనకు కొత్తేమీ కాదు. అలెగ్జాండరు దగ్గర్నుంచి నెపోలియన్ దాకా హైస్కూలు వాచకాల్లో చదువుకున్నాం. ఎవరు ఏ కోట పట్టారు, ఎవరి వెంట ఎంత సైన్యం నడిచింది, ఏ సంవత్సరంలో ఎవరు ఓడారు - ఇవన్నీ పరీక్షలకు బట్టీపట్టాం, పరీక్షలవగానే మరచిపోయాం. సైన్సు చదివేవాడివి, అందులోనూ సేద్యగాళ్ళ ఇంట్లోంచి వచ్చినవాడివి, నీకీ అమెరికా సేనాని గొడవెందుకని సంచికకు యీ వ్యాసం రాస్తానన్నప్పుడు మిత్రులు కొందరు అడిగారు. సేద్యగాళ్ళ ఇంట్లోంచి వచ్చినందుకే రాస్తున్నాను.

1865 ఏప్రిల్ 9న అమెరికాలో నాలుగేళ్ళ అంతర్యుద్ధం దాదాపు ముగిసింది. ఆరు లక్షల మందికి పైగా సైనికులు చచ్చిన యుద్ధమది. ఓడిన సేనాని ఎదుట కూర్చుని లొంగుబాటు షరతులు రాసిన మనిషి, ఆ సైనికుల్లో గుర్రమో కంచరగాడిదో సొంతంగా ఉన్న ప్రతివాడూ దాన్ని ఇంటికి తోలుకుపోవచ్చునని ఒప్పుకున్నాడు. ఎందుకంటే అది దుక్కుల కాలం. గుర్రం లేకపోతే వాళ్ళు దున్నలేరు, దున్నకపోతే వచ్చే చలికాలానికి పెళ్ళాం బిడ్డలకు తిండి ఉండదు. గెలిచినవాడు ఓడినవాడి పొలం పని గురించి ఆలోచించిన ఘట్టాలు చరిత్రలో ఎన్ని వుంటాయి చెప్పండి? ఆ మనిషే జనరల్ యులిసిస్ గ్రాంట్. అతనికి ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే అతని జీవితమంతా చెప్పుకు రావాలి.

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రంలో పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. పెట్టిన పేరు హైరమ్ యులిసిస్. తండ్రి జెస్సీ గ్రాంట్‌ది తోళ్ళు పదునుచేసే వృత్తి. మరుసటి ఏడు ఆ కుటుంబం జార్జ్‌టౌన్ అనే వూరికి మారింది. తోళ్ళ కార్ఖానా అంటే నెత్తురు, సున్నం, కంపు. పిల్లవాడికి అది బొత్తిగా సరిపడలేదు. ఆ పని తప్ప యే పని చెప్పినా చేస్తానన్నాడు. గుర్రాలంటే మాత్రం ప్రాణం. ఏడెనిమిదేళ్ళ వయసులోనే అడవి నుంచి కట్టెల బండి తోలాడు. పదకొండేళ్ళు వచ్చేసరికి దుక్కి పనులన్నీ వాడివే. దున్నటం, గుంటక తోలటం, పంట ఇంటికి చేర్చటం, ఆవుల్నీ గుర్రాల్నీ చూసుకోవటం అన్నీ చేశాడు.

అతని చిన్ననాటి ముచ్చటొకటి ఆ వూరివాళ్ళు చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారట. పొరుగాయన దగ్గర ఒక గుర్రప్పిల్ల వుంది. ఆయన 25 డాలర్లంటాడు, తండ్రి 20 డాలర్లకు మించి పెట్టనంటాడు. పిల్లవాడు ఏడ్చిపట్టుకుంటే, ముందు 20 అడుగు, కాదంటే 22న్నర అను, అప్పటికీ కాదంటే 25 ఇవ్వమని చెప్పి తండ్రి పంపించాడు. వీడు పోయి ఆ మాట యావత్తూ పొల్లుపోకుండా పొరుగాయనకు అప్పజెప్పాడు! గుర్రం ఎంతకు అమ్ముడుపోయిందో చెప్పనక్కర్లేదు గదా. బేరం తెలియని ఆ గుణం అతన్ని చచ్చేదాకా వదల్లేదు. తరువాతి కథకు యిది గుర్తుంచుకోండి.

1839లో తండ్రి అతన్ని వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలకు పంపాడు. కొడుక్కు ఇష్టమా కాదా అని అడగలేదు. ఫీజు లేని చదువు కావటమే అసలు కారణం. సిఫారసు చేసిన కాంగ్రెసు సభ్యుడు పేరు తప్పు రాయటంతో హైరమ్ యులిసిస్ కాస్తా యులిసిస్ ఎస్. గ్రాంట్ అయి కూర్చున్నాడు. రికార్డుల్లో పడ్డ పేరు మార్చటం ఏ దేశంలోనైనా కష్టమే కాబోలు, ఆ పేరే స్థిరపడిపోయింది. 1843లో 39 మందిలో 21వ వాడుగా పట్టా పుచ్చుకున్నాడు. లెక్కల్లో గట్టివాడు, గుర్రపు స్వారీలో అతన్ని మించినవాడు లేడు. సైన్యంలో వుండిపోవాలన్న కోరికే అతనికి లేదు. ఎక్కడైనా కాలేజీలో లెక్కల మేష్టారు కావాలనుకున్నాడు. మనలో ఎంతమందిమి కోరిన కోర్సులో చేరాం?

1846 నుంచి 1848 వరకు మెక్సికో యుద్ధం. గ్రాంట్‌ను సరంజామా, రవాణా చూసే అధికారిగా వేశారు. ధాన్యం, గడ్డి, కంచరగాడిదలు, బళ్ళు - వీటి లెక్కలన్నీ అతనివే. తుపాకీ పట్టుకునే వాడి వెనుక తిండి మోసే వాడుంటేనే యుద్ధం నడుస్తుందని అక్కడ నేర్చుకున్నాడు. పెద్ద దేశం బలహీనమైన పొరుగు దేశం మీద పడి భూమి లాక్కున్న అన్యాయపు యుద్ధమది అని కూడా అతని అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని చివరిదాకా దాచుకోలేదు.

1848 ఆగస్టులో జూలియా డెంట్‌ను పెళ్ళాడాడు. ఆమె తండ్రి సెయింట్ లూయిస్ దగ్గర భూస్వామి, బానిసల యజమాని. గ్రాంట్ తండ్రి బానిసత్వానికి గట్టి విరోధి. కొడుకు పెళ్ళికి ఆ తలిదండ్రులు రానే లేదు. 1852లో పటాలంతో పాటు పసిఫిక్ తీరానికి బదిలీ అయింది. జీతం చాలదు, పెళ్ళాం బిడ్డలు వేల మైళ్ళ దూరాన. నాలుగు డబ్బులు సంపాదించి వాళ్ళను పిలిపించుకుందామని తోటి అధికారులతో కలిసి కొలంబియా నది ఒడ్డున బంగాళాదుంపలు వేశాడు. నదికి వరదొచ్చి చాలావరకు ముంచింది. మిగిలిన కాస్తా తవ్వేసరికి ఊరంతా దుంపలే వేసినందున కొనేవాడు లేడు. ముందు వరద, ఆపైన ధర పడిపోవటం! ఇది చదివినప్పుడు మా నాన్న చెప్పిన మిరప కథ విన్నట్టే వుంది నాకు. ఒంటరితనంలో తాగుడు అలవాటైందన్న మాట పుట్టింది. 1854లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. న్యూయార్క్ చేరేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇంటినుంచి డబ్బు వచ్చేదాకా హోటలు బాకీకి పూచీ పడింది వెస్ట్ పాయింటు నాటి స్నేహితుడు సైమన్ బక్నర్. ఈ పేరు కూడా గుర్తుంచుకోండి.

32 ఏళ్ళ వయసులో గ్రాంట్ సేద్యంలోకి దిగాడు. మామగారి భూమిలో ముక్క, అడవి నరికి బాగుచేసుకోవాల్సిన నేల. దుంగలు తనే నరికి, చెక్కి, ఇరుగుపొరుగు సాయంతో 1856లో ఇల్లు కట్టుకున్నాడు. దానికి హార్డ్‌స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. గీకినా గోకినా గింజ రాలని బతుకు అని దాని భావం. తన పేదరికం మీద తనే వేసుకున్న హాస్యమది. పంట చాలక కట్టెలు కొట్టి, బండి కట్టుకుని సెయింట్ లూయిస్ వీధుల్లో అమ్మాడు. పాత సైనిక కోటు తొడుక్కుని కట్టెల బండి మీద కూర్చున్న గ్రాంట్‌ను అప్పటి స్నేహితులు చూసి తెల్లబోయేవారట. 1857లో దేశమంతటా వ్యాపారాలు దివాలా తీసి పంట ధరలు పడిపోయాయి. ఆ డిసెంబరులో క్రిస్మసుకు రెండు రోజుల ముందు బంగారు గడియారం తాకట్టు పెట్టి 22 డాలర్లు తెచ్చుకున్నాడు. పండగ నాటికి వస్తువు తాకట్టు పెట్టడమంటే ఏమిటో సేద్యం మీద బతికే ఇళ్ళలో వివరించి చెప్పనక్కర్లేదు. మరుసటేడు చలిజ్వరం పట్టుకుంది. నాగలి పట్టే శక్తి లేకపోయింది. పశువుల్నీ పనిముట్లనీ వేలం వేసి సేద్యం చాలించాడు.

నాలుగేళ్ళు దున్నాడు, ఓడిపోయాడు. సోమరితనం వల్ల ఓడలేదు. వాతావరణం, ధర, జబ్బు మూడూ కలిసి ఓడించాయి. మనకు తెలిసిన రైతులు ఎక్కువమంది ఓడేది కూడా ఇట్లాగే.

ఆ దరిద్రపు రోజుల్లోనే అతను చేసిన పని ఒకటుంది. మామగారి ద్వారా విలియం జోన్స్ అనే బానిస అతని సొంతమయ్యాడు. అమ్మితే అప్పులు తీరేంత డబ్బు వచ్చేది. గ్రాంట్ 1859 మార్చి 29న కోర్టుకు వెళ్ళి ఆ మనిషికి స్వేచ్ఛ ఇస్తూ కాగితం రాశాడు. అంతకు ముందు మామగారి బానిసల చాకిరీ తన పొలంలో వాడుకున్నమాట కూడా నిజమే. రెండూ చెబితేనే మనిషి పూర్తిగా కనిపిస్తాడు. ఆపైన పట్నంలో ఇళ్ళ వ్యాపారంలో చేరాడు, సాగలేదు. కౌంటీ ఇంజనీరు పదవికి దరఖాస్తు పెట్టాడు, రాలేదు. చివరకు 1860లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గలీనా ఊళ్ళో తండ్రిగారి తోళ్ళ దుకాణంలో తమ్ముళ్ళ కింద గుమాస్తాగా కుదిరాడు. చిన్ననాడు ఏ తోళ్ళ కంపు వద్దనుకున్నాడో 38 ఏళ్ళకు మళ్ళీ అక్కడికే వచ్చాడు.

మరుసటి సంవత్సరమే యుద్ధం. బానిసత్వం కొనసాగాలన్న దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి, 1861 ఏప్రిల్‌లో కాల్పులు మొదలుపెట్టాయి. చదువుకున్న సైనికాధికారులు కావలసివచ్చారు. జూన్‌లో గ్రాంట్‌కు ఒక అల్లరి పటాలాన్ని అప్పగించారు, అతను దాన్ని దారిలో పెట్టాడు. కొద్దివారాల్లోనే బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1862 ఫిబ్రవరిలో టెనెసీ రాష్ట్రంలో డోనెల్సన్ కోటను ముట్టడించాడు. లోపలివాళ్ళు షరతులు అడిగితే, షరతులేవీ లేవు, లొంగిపోవటమే అన్నాడు. లొంగిపోయిన సేనాని ఎవరనుకున్నారు? న్యూయార్క్ హోటలులో బాకీకి పూచీ పడ్డ బక్నరే! సైనిక ధర్మం సైనిక ధర్మమే. ఆ పని అయ్యాక గ్రాంట్ తనను పక్కకు పిలిచి, డబ్బు అవసరమైతే నా దగ్గరున్నది తీసుకోమన్నాడని బక్నర్ తర్వాత చెప్పుకున్నాడు. అప్పు మరచిపోని మనిషి.

ఏప్రిల్‌లో షైలో దగ్గర తెల్లవారుజామున శత్రువు హఠాత్తుగా మీదపడితే మొదటిరోజు ఓటమి అంచుదాకా వెళ్ళి, రెండోరోజు నిలబడి గెలిచాడు. రెండు రోజుల్లో ఇరువైపులా చచ్చిన, గాయపడ్డ, దొరక్కుండా పోయినవాళ్ళు 23 వేలకు పైమాటే. ఒక్క యుద్ధంతో పని తేలిపోతుందన్న భ్రమ అతనికి అక్కడే వదిలింది.

అతని సైనిక ప్రతిభకు పరాకాష్ఠ విక్స్‌బర్గ్. మిస్సిసిపీ నదిని అడ్డగించి కూర్చున్న కొండకోట అది. ఉత్తరం నుంచి ఎన్ని విధాల ప్రయత్నించినా బురద, చిత్తడి అడవులు దారి ఇవ్వలేదు. 1863 ఏప్రిల్‌లో రాత్రిపూట ఓడల్ని కోట ఫిరంగుల ముందునుంచే దాటించి, సైన్యాన్ని అవతలి ఒడ్డున దక్షిణానికి నడిపించి, నది దాటి శత్రువు వెనక్కు వచ్చాడు. సరఫరా దారి దాదాపు తెంపేసుకుని, దొరికిన ఊళ్ళ గాదెల మీద బతుకుతూ మే నెలలో అయిదు పోరాటాలు గెలిచాడు. ఆ గాదెలు రైతులవే అన్నది మనం మరవగూడదు. తర్వాత 47 రోజుల ముట్టడి. ఊరివాళ్ళు కొండచరియల్లో గుహలు తవ్వుకుని దాక్కున్నారు, కంచరగాడిద మాంసం దాకా వచ్చారు. జులై 4న కోట లొంగింది. పట్టుబడ్డ 29 వేల పైచిలుకు సైనికుల్ని జైళ్ళకు తోలకుండా, మళ్ళీ ఆయుధం పట్టమని మాట తీసుకుని ఇళ్ళకు పంపించాడు.

ఆ పోరాటాలకు ముందే ఇంకొకటి జరిగింది. గ్రాంట్ సైన్యం నడిచిన దారిలో వేలకొద్దీ బానిసలు పారిపోయి వచ్చి దండు వెంట చేరారు. తిండి లేదు, గుడ్డ లేదు. 1862 చివరలో గ్రాంట్ జాన్ ఈటన్ అనే సైనిక మతాధికారిని నియమించి, యజమానులు వదిలిపోయిన పొలాల్లో ప్రత్తి తీయటం, మొక్కజొన్న కోయటం వాళ్ళకు అప్పజెప్పి కూలి ఇప్పించాడు. తరతరాలు ఉచితంగా చాకిరీ చేసినవాళ్ళు మొదటిసారి కూలి డబ్బు చూశారు. సరిగ్గా ఆ డిసెంబరులోనే అతని పేరుకు మచ్చ తెచ్చిన ఉత్తర్వూ వెలువడింది. ప్రత్తి దొంగవ్యాపారం అరికట్టాలని, తన అధికార ప్రాంతం నుంచి యూదులందరూ వెళ్ళిపోవాలని ఆజ్ఞాపించాడు. కొందరి తప్పుకు ఒక జాతినంతా శిక్షించటం ఎక్కడి న్యాయం? అధ్యక్షుడు లింకన్ వెంటనే దాన్ని రద్దుచేయించాడు. గ్రాంట్ జీవితాంతం దానికి సిగ్గుపడ్డాడు.

1864 మార్చిలో లింకన్ అతన్ని మొత్తం సైన్యాలకు అధిపతిని చేశాడు. ఆ వేసవి భయంకరమైనది. వర్జీనియా అడవుల్లో రాబర్ట్ లీ సైన్యంతో ఆరువారాల పైన ఎడతెగని పోరు. గ్రాంట్ సైన్యంలో చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ పట్టుబడ్డవాళ్ళూ కలిపి 50 వేలు దాటారు. కోల్డ్ హార్బర్ దగ్గర జూన్ 3న చేయించిన దాడిలో గంటసేపట్లో వేలమంది కూలారు. అతన్ని కసాయి అన్నవాళ్ళున్నారు. ఆ దాడి చేయించినందుకు తనూ ఎప్పుడూ చింతించాడు. ఐతే ఇదివరకటి సేనానులు ఒక్క దెబ్బ తిని వెనక్కు పోయేవారు, ఇతను వెనక్కు పోలేదు. పీటర్స్‌బర్గ్ ముందు తొమ్మిది నెలలు కందకాల్లో కూర్చుని 1865 ఏప్రిల్‌లో లీని కదిలించి, తరిమి, అపొమాటక్స్ అనే పల్లె దగ్గర దారులన్నీ మూసేశాడు.

ఆ గదిలో లీ కొత్త దుస్తులతో, అందమైన కత్తితో కూర్చున్నాడు. గ్రాంట్ ఒంటిమీద మామూలు సిపాయి చొక్కా, బూట్లనిండా బురద. షరతులు తన చేత్తోనే రాశాడు. ఆయుధాలు అప్పగించాలి, మళ్ళీ పోరాడమని మాట ఇచ్చి ఇళ్ళకు వెళ్ళాలి. చట్టాన్ని పాటించినంత కాలం ఎవరూ వాళ్ళ జోలికి పోరు. అధికారులు తమ గుర్రాలు వుంచుకోవచ్చు. అప్పుడు లీ, తన సైన్యంలో ఆశ్వికులూ ఫిరంగిదళం వాళ్ళూ కూడా గుర్రాల్ని ఇళ్ళనుంచే తెచ్చుకున్నారని చెప్పాడు. గ్రాంట్ కాగితం మార్చలేదు గాని, నాదని చెప్పిన ప్రతివాడినీ తోలుకుపోనివ్వమని తన అధికారులకు ఉత్తర్వు ఇస్తానన్నాడు. వాళ్ళలో ఎక్కువమంది చిన్న రైతులే అయివుంటారని అతని లెక్క. ఆకలిగా వున్న ఆ సైన్యానికి 25 వేల మందికి సరిపడా తిండి పంపించాడు. తనవాళ్ళు సంబరంగా తుపాకులు పేలుస్తుంటే ఆపించాడు. షరతులను శుభ్రంగా తిరగరాసినవాడు ఈలీ పార్కర్ అనే సెనెకా తెగ ఇండియన్ అధికారి అన్నది కూడా చెప్పుకోదగ్గ మాటే.

మనకు ఏరువాక ఎట్లాగో వాళ్ళకు ఏప్రిల్ నెల అట్లాగు. అదును దాటిందంటే ఆ యేడు పోయినట్టే. ఇప్పుడంటే మాకు అద్దె ట్రాక్టర్లున్నాయి గాని, మా తాతయ్య నాటికి జోడెద్దుల్లో ఒకటి చచ్చిపోతే ఆ ఇంటి సాగు ఆగిపోయేది. యుద్ధవిద్య ఎంత చదివినా ఈ సంగతి పుస్తకాల్లో వుండదు. దున్ని ఓడినవాడికి తెలుస్తుంది. హార్డ్‌స్క్రాబుల్‌లో గ్రాంట్ పోగొట్టుకున్న నాలుగేళ్ళూ వృధా పోలేదని నా నమ్మకం.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే యిది మంచి నీతికథ అవుతుంది. కాని ఆపటం న్యాయం కాదు. ఆ గుర్రాలు ఎవరికి దక్కాయి? సొంత గుర్రమున్నవాడికి. అంటే ఎంత పేదవాడైనా, తెల్లవాడికి. మరి ఆ దక్షిణాది నేలను నిజంగా దున్నుతూ వచ్చిన 40 లక్షల మంది నల్లవాళ్ళకు గుర్రమేదీ? భూమేదీ? వాళ్ళలోంచి, ఉత్తరాది నల్లజాతివారి లోంచి కలిపి సుమారు లక్షా 80 వేల మంది గ్రాంట్ గెలిచిన పక్షాన తుపాకీ పట్టారు. 1865 జనవరిలో షెర్మన్ అనే సేనాని సముద్రతీరపు భూమిని కుటుంబానికి 40 ఎకరాల దాకా వాళ్ళకు పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 40 వేల మంది ఆ భూముల్లో నాగలి పెట్టారు. ఏప్రిల్ 14న లింకన్‌ను కాల్చారు. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. స్వేచ్ఛ వచ్చినవాడు మళ్ళీ అదే దొర భూమిలో పాలుకు చేరాడు. విత్తనం అప్పు, తిండి అప్పు, పంట రాగానే లెక్క దొరదే. మా తాతయ్య కౌలు సేద్యం ముప్ఫయ్యేళ్ళు చేశాడు. ఆ లెక్క ఎట్లా వుంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడాది చివర గ్రాంట్ దక్షిణాది పర్యటించి, అక్కడి పెద్దలు ఓటమిని ఒప్పుకున్నారని నివేదిక ఇచ్చాడు. అది నిజం కాదని అతనికే త్వరలో తెలిసింది. జాన్సన్ పక్షం వదిలి, నల్లవాళ్ళకు హక్కులివ్వాలన్న కాంగ్రెసు పక్షం చేరాడు. 1868లో ఎన్నికై 1869 నుంచి 1877 వరకు రెండుసార్లు అధ్యక్షుడిగా వున్నాడు. రంగు కారణంగా ఓటు కాదనగూడదన్న 15వ సవరణ 1870లో అమల్లోకి వచ్చింది. ముసుగులు వేసుకుని రాత్రిళ్ళు నల్లవాళ్ళ ఇళ్ళు తగలబెట్టే కు క్లక్స్ క్లాన్ మీద 1871లో ప్రత్యేక చట్టం తెచ్చి, దక్షిణ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో సైన్యాన్ని దింపి వందలమందిని పట్టించి ఆ ముఠా నడుము విరగ్గొట్టాడు. గ్రాంట్ చేసిన యుద్ధాలన్నిటిలోకీ నాకు ఇదే గొప్పదనిపిస్తుంది.

అయితే ఆ పట్టు నిలవలేదు. 1873 ఆర్థికమాంద్యంతో జనం దృష్టి మళ్ళింది. గుర్రప్పిల్ల బేరం నాటి గుణం మళ్ళీ బయటపడింది. నమ్మినవాళ్ళు అతని చుట్టూ చేరి దోచుకున్నారు. సారా పన్ను కుంభకోణం అతని సొంత కార్యదర్శి దాకా వచ్చింది. 1876లో యుద్ధమంత్రి లంచం విషయమై రాజీనామా చేశాడు. పడమట మైదానాల్లో లకోటా తెగవారితో చేసుకున్న ఒప్పందం వుండగానే, బంగారం దొరికిన వాళ్ళ నల్లకొండల కోసం యుద్ధం నడిపించటం అతని పాలన మీద మరో మచ్చ. 1875లో మిస్సిసిపీ రాష్ట్రంలో నల్ల ఓటర్లను చంపి భయపెడుతుంటే, సైన్యం పంపమని గవర్నరు వేడుకున్నాడు. గ్రాంట్ పంపలేదు. 1877లో అతను దిగిపోయాక కొత్త అధ్యక్షుడు దక్షిణాది రాజధానుల నుంచి సైన్యాన్ని వెనక్కు తీశాడు. ఓటు కాగితం మీద మిగిలింది. భూమి లేనివాడి ఓటుకు కాపలా వుండాలి. కాపలా పోయిన నాడు, ఎవరి భూమిలో దున్నుతున్నాడో వాడి మాటే చెల్లుతుంది. ఓటుతో బాటు ఆనాడే 40 ఎకరాలూ చేతికి వచ్చివుంటే కథ వేరుగా వుండేదని నా అభిప్రాయం.

పదవి దిగాక గ్రాంట్ దంపతులు రెండేళ్ళకు పైగా ప్రపంచం తిరిగారు. 1879 మొదట్లో మన దేశం కూడా వచ్చి బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, కాశీ, కలకత్తా చూసి వెళ్ళారు. తిరిగివెళ్ళాక కొడుకు భాగస్వామిగా వున్న కంపెనీలో వున్నదంతా పెట్టాడు. ఫెర్డినాండ్ వార్డ్ అనే యువకుడు దాన్ని నడిపేవాడు. ఒకడి సొమ్ము తీసి ఇంకొకడికి లాభమని చూపించే మోసమది. 1884 మేలో కంపెనీ కుప్పకూలింది. కూలటానికి రెండు రోజుల ముందు వార్డ్ మాట నమ్మి గ్రాంట్ ఒక కోటీశ్వరుడి దగ్గర లక్షా 50 వేల డాలర్లు అప్పు తెచ్చి పోశాడు. ఆ అప్పు కింద యుద్ధంలో వచ్చిన కత్తులు, పతకాలు, బహుమతులన్నీ అప్పగించాడు. గడియారం తాకట్టు పెట్టిన మనిషి, 27 ఏళ్ళ తర్వాత కత్తులు కూడా ఇచ్చేశాడు.

ఆ యేడే గొంతులో కేన్సరు బయటపడింది. రోజూ లెక్కలేనన్ని చుట్టలు కాల్చిన ఫలితం. పెళ్ళాన్ని అప్పుల్లో వదిలిపోకూడదని స్వీయచరిత్ర రాయటానికి కూర్చున్నాడు. రచయిత మార్క్ ట్వైన్ మంచి వాటా ఇస్తానని ప్రచురణకు ముందుకొచ్చాడు. నీళ్ళు మింగినా నిప్పు మింగినట్టుండే బాధ. మాట పోయాక చీటీల మీద రాసి చూపించేవాడు. అట్లా రెండు సంపుటాలు ముగించి, కొద్దిరోజులకే 1885 జులై 23న న్యూయార్క్ రాష్ట్రంలో మౌంట్ మెక్‌గ్రెగర్ మీద కన్నుమూశాడు. ఆ పుస్తకం మూడు లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. జూలియాకు సుమారు నాలుగున్నర లక్షల డాలర్లు వచ్చాయి. జీవితంలో అతను లాభానికి అమ్మగలిగిన పంట అదొక్కటే. అదీ తాను చూడలేదు. శవపేటిక వెంట నడిచిన పెద్దల్లో అతని పక్షాన పోరాడిన షెర్మన్, షెరిడన్‌లతో పాటు ఎదుటి పక్షపు సేనానులు జోసెఫ్ జాన్స్టన్, సైమన్ బక్నర్ కూడా వున్నారు.

మిత్రులారా, గ్రాంట్‌ను దేవుణ్ణి చేయాలని నేనీ వ్యాసం రాయలేదు. చేసిన తప్పులు కూడా చెప్పాను. గెలుపు అన్నది జెండా పాతటంతో పూర్తికాదని అతనికి తెలుసు. మరుసటి దుక్కి సాగినప్పుడే పూర్తవుతుంది. ఓడిన శత్రువు విషయంలో ఆ సంగతి గ్రహించాడు, బానిసత్వం వదిలిన మనుషుల విషయంలో సగమే చేయగలిగాడు. మన దగ్గర కూడా ఒప్పందాలు, చట్టాలు, విజయోత్సవాలు చాలా జరుగుతుంటాయి. అవి విన్నప్పుడల్లా, ఇందువల్ల ఈ ఏరువాకకు ఎవరి అరక కదిలింది, ఎవరిది కదల్లేదు అని మనం అడగాలి. పట్టా పుచ్చుకుని రేపు మనం ఏ ఆఫీసులో కూర్చున్నా, మన బల్ల ముందుకు వచ్చే కాగితాల్లో అదును దాటిపోయేవి కొన్ని వుంటాయి. వాటి మీద సంతకం ఆలస్యం చేయకుండా వుండగలిగితే చాలు.